మూడేళ్ల ఆదివారాలు... ఒక్క లెక్క!

అరవై ఏడు రెళ్లను వరసగా రాసి హెచ్చవేయాలి. వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయాలి. అప్పుడు మిగిలేది 14,75,73,95,25,89,67,64,12,927. మొత్తం 21 అంకెలు! ఈ సంఖ్య చుట్టూ రెండు శతాబ్దాలకు పైగా ఓ ప్రశ్న తిరిగింది. ఇది ప్రధాన సంఖ్యా, కాదా? అంటే, 7, 13, 31ల మాదిరిగా ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేంతోనూ నిశ్శేషంగా భాగించలేమా?

ప్రధాన సంఖ్యేనన్నాడు ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి, 1644లో. చెప్పింది పండితుడు, సరిచూడటమేమో తలకు మించిన పని. దాంతో ఆ మాటే చెల్లిపోయింది. 1876లో ఎడ్వార్డ్ లూకా అనే గణితవేత్త అది తప్పని తేల్చాడు. చిత్రమేమిటంటే, ఈ సంఖ్యను భాగించే సంఖ్యలు ఉన్నాయని మాత్రమే ఆయన పద్ధతి చెబుతుంది, అవేమిటో చెప్పదు. దొంగతనం రుజువైంది కానీ దొంగ దొరకలేదన్నమాట!

వెతకడం అంత కష్టమా? నిజానికి ఓ వెసులుబాటు ఉంది. 67కు రెట్టింపు 134. మన సంఖ్యను నిశ్శేషంగా భాగించేది ఏదైనా సరే, దాన్ని 134తో భాగిస్తే ఒకటే మిగలాలి. కాబట్టి 135, 269, 403... ఇలాంటివే చూస్తే చాలు. అయినా ఒక్కోటీ పరీక్షిస్తూ పోతే అసలైనది తగిలేది 14,45,580వ ప్రయత్నంలో!

దాన్ని పట్టుకున్నది ఫ్రాంక్ నెల్సన్ కోల్. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1903 అక్టోబరులో అమెరికా గణితవేత్తల సంఘం సమావేశంలో ఆయన వంతు వచ్చింది. ఆ రోజు కోల్ నోరు విప్పలేదని గణితలోకంలో ఇప్పటికీ కథగా చెప్పుకొంటారు. నల్లబల్ల మీద ఓ పక్క రెళ్లన్నీ హెచ్చవేసి ఒకటి తీసేశాడట. మరోపక్క 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించాడట. రెండుచోట్లా ఒకటే జవాబు! మౌనంగా వెళ్లి కూర్చుంటే హాలంతా చప్పట్లు. ఎన్నాళ్లు పట్టిందని తర్వాత అడిగితే, మూడేళ్ల ఆదివారాలన్నీ దానికే పోయాయన్నాడట.

ఇప్పుడైతే ఈ పని కంప్యూటర్‌కు రెప్పపాటు. కానీ రెండు భారీ ప్రధాన సంఖ్యల్ని గుణించి ఆరొందల అంకెల సంఖ్య తయారుచేస్తే, దాన్ని తిరిగి విడదీయడం ఇవాళ్టి కంప్యూటర్లకూ అసాధ్యమే. కలపడం తేలిక, విడదీయడం కష్టం. ఇంటర్నెట్‌లో రహస్యాల్ని కాపాడే తాళాల్లో కొన్ని 1977 నుంచీ ఈ కిటుకు మీదే ఆధారపడ్డాయి.

కోల్ చెప్పింది నిజమేనా అని అనుమానమా? ఆ రెండు సంఖ్యల్నీ హెచ్చవేసి చూడొచ్చు. దానికి మూడేళ్లు అక్కర్లేదు. కాగితం, పెన్సిలు, ఒక్క ఆదివారం మధ్యాహ్నం చాలు!