కార్డు మీద డప్పు బొమ్మ ఉంది, కొట్టినోడి పేరేది?



పోయిన ఆదివారం హాస్టల్ మెస్ గురించి రాసినదానికి ఈ వారం కొనసాగింపు రాస్తానని మాటిచ్చాను. అది ఒక వారం ఆగుతుంది. ఎందుకంటే నాకున్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే ఆహ్వాన పత్రిక తిరుగుతోంది. మన పిల్లలు కూడా దండం ఎమోజీలు పెట్టి షేర్ చేస్తున్నారు. ముందు దాన్ని కలిసి చదువుదాం.

మా టౌన్‌లో ఉగాదికి మూడు రోజుల కళోత్సవం. కార్డు ముందు పేజీ నిండా డప్పు. నడుముకు ఎర్ర గుడ్డ కట్టుకుని గాల్లోకి ఎగిరిన మనిషి. ముఖం లేదు, నల్లటి నీడ బొమ్మ. లోపల మొదటి రోజు శాస్త్రీయ నృత్యం. నర్తకి పేరుంది, గురువు పేరుంది, మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు, అన్నీ ఉన్నాయి. రెండో రోజు కవి సమ్మేళనం. కవుల పేర్లు బిరుదులతో సహా ఉన్నాయి. మూడో రోజు జానపద రాత్రి. టీవీలో కనపడే గాయకుల ఫొటోలున్నాయి. అట్టడుగున, స్పాన్సర్ల పేర్లకు కొంచెం పైన, ఒక లైను: "ప్రతిరోజు సాయంత్రం 5 గంటలకు డప్పు వాయిద్యాలతో అతిథులకు ఘన స్వాగతం."

వాయిద్యాలు వస్తాయట. మనుషులు రారట.

పోయినేడు ఆ వాయిద్యాలతో పాటు వచ్చిన మనుషుల్లో మా పెద్దబాపు ఒకడు. ఎనిమిది మంది గేటు దగ్గర రెండు గంటలు కొట్టారు. డప్పు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: తోలును మంట మీద కాపాలి. కాపకపోతే బిగువు ఉండదు, మోత రాదు. పక్కన నాలుగు పుల్లలు వేసి మంట పెట్టుకుంటే, అతిథుల మీదికి పొగ వస్తోందని వాలంటీరు పిల్లగాడొకడు నీళ్లు పోసి ఆర్పేశాడు. తర్వాత వాడే వచ్చి "ఏందిరా, సౌండ్ తగ్గింది?" అని అడిగాడు. అరవై దాటిన మనిషిని, "రా" అని. ఆ వాలంటీరుకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

లోపల కార్యక్రమం మొదలయ్యాక వీళ్లు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. వెళ్లిపొమ్మనీ చెప్పలేదు. స్టేజీ వెనక జనరేటర్ పక్కన నిలబడి పులిహోర పొట్లాలు తిని, ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చారు. "లోపలికి పోయి చూడకపోయినవా పెద్దబాపూ" అంటే ఆయన అన్నది ఒకటే: "మనది గేటు దాకనే బిడ్డా."

ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం.

కళకు కులం లేదు అంటారు. ఉగాది వేదికల మీద ప్రతి ఏడూ ఈ మాట వింటాం. కార్డు చదవండి, కులం దొరుకుతుంది. పేరు ఎవరికి రాశారు, ఎవరికి రాయలేదు? మైకు ఎవరికి, గేటు ఎవరికి? మృదంగానికీ తోలే, డప్పుకీ తోలే. ఒకటి వేదిక మీద పక్కవాయిద్యం, ఒకటి రోడ్డు మీద స్వాగత వాయిద్యం. తోలులో తేడా లేదు, దాని వెనక కూర్చున్న మనిషిని చూసే చూపులో ఉంది.

జానపదం అంటే ఎవరు కట్టారో తెలియని కళ అని మనకు క్లాసులో చెప్పారు. తెలియకపోవడం కాదు మిత్రులారా, రాసుకోకపోవడం. పెండ్లికో దరువు, చావుకో దరువు, బోనానికో దరువు. ఇవి చెట్టుకు కాయలేదు. ఎవరో కట్టారు, ఎవరో కొడుక్కి నేర్పారు. గురువు లేకపోవడం వల్ల కాదు, మన గురువుల పేర్లు అడిగేవాడు లేకపోవడం వల్ల అది 'జానపదం' అయింది.

ఇంకో విచిత్రం. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకుంటే ఎంత గొడవ చేశారో, ఎలా దాడికి దిగారో మీ సీనియర్లను అడగండి. డప్పు మీది తోలు కళ. ఆ తోలు కింది మాంసం అపరాధం. తోలు కావాలి, తునక వద్దు. సంస్కృతి అని మనలోంచి కోసుకుని తీసుకుపోయేది ఎప్పుడూ వాళ్లకు పనికొచ్చే ముక్కే.

సత్కారాలు లేవా అంటారు. ఉన్నాయి. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలే రాశాయి. అదే 2024లో చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. మరి ఢిల్లీకి కనపడిన చిందు మేళం మా టౌన్ మూడు రోజుల కార్డులో ఎందుకు కనపడలేదు?

ఇప్పుడు మనవాళ్ల మాట. చదువుకున్న తమ్ముళ్లు కొందరు అంటారు: "అన్నా, డప్పు మన బానిసత్వానికి గుర్తు. దాన్ని వదిలెయ్యాలి గానీ వేదిక అడగడమేంది?" ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఊళ్లో ఎవరు చచ్చినా తింటున్న అన్నం వదిలి పోవాల్సిన రోజులు మా తాత చూశాడు. కొట్టను అనే హక్కు లేని చోట అది కళ కాదు, వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. అట్రాసిటీ చట్టం మనతో వెట్టి చేయించడాన్ని నేరం అంటుంది. కాబట్టి మొదటి హక్కు కొట్టనని చెప్పే హక్కు. దాని మీద రాజీ లేదు.

కానీ చరిత్ర అక్కడ ఆగలేదు. దండోరా అంటే పైవాళ్ల హుకుంను ఊరికి చాటే చాకిరీ. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగలు అదే పేరు తమ ఉద్యమానికి పెట్టుకున్నారు. ఎవరి మాటనో చాటిన చప్పుడు మన మాటను చాటింది. అందుకే నేను డప్పును వదలమనను, గేటును వదలమంటాను.

చివరిది, మనకే చేదుగా ఉండేది. ఏప్రిల్ 5 జగ్జీవన్ రామ్ జయంతి, 11 ఫూలే జయంతి, 14 బాబాసాహెబ్ జయంతి. మన కార్యక్రమాల కార్డులు కూడా ఈ వారమే అచ్చుకు పోతున్నాయి. పోయినేడు మా వాడ ఊరేగింపులో డీజేకు అడ్వాన్సు ముందే ఇచ్చాం. డప్పుకు "మనోళ్లే కదా, వస్తారు" అనుకున్నాం. వచ్చారు. పేరు మనమూ రాయలేదు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. చిందు, డక్కలి, బైండ్ల, మాల దాసరి కళాకారులను పిలవాలన్న ఆలోచన కూడా మనకు రాలేదు. అవతలి కార్డును నిలదీసే ముందు మన కార్డు దిద్దుకోవాలి.

విద్యార్థి సంఘాలకు, జయంతి కమిటీలకు నా విన్నపం ఇదే. కార్డు మీద ప్రతి డప్పు కళాకారుడి పేరు ఉండాలి. డబ్బు ఎంతో ముందే మాట్లాడాలి, సగం ముందే ఇవ్వాలి. స్వాగతం వద్దు, వేదిక మీద అరగంట ఇవ్వాలి. మంట పెట్టుకునే జాగా చూపించాలి. కొట్టడం అయ్యాక మైకు చేతికిచ్చి, ఆ దరువు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడగాలి. ఆడపిల్లలు నేర్చుకుంటామంటే నేర్పే ఏర్పాటు అక్కడే మొదలుపెట్టాలి.

ఉగాది కార్డు మాట: పేర్లు లేని ఆ కార్డును దయచేసి షేర్ చేయకండి. చేసినవాళ్లు కింద కామెంట్లో "డప్పు కొట్టేవాళ్ల పేర్లేవి?" అని అడగండి. మర్యాదగానే అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.

పెద్దబాపును ఈ ఏడు కూడా పిలిచారు. ఇంకా ఒప్పుకోలేదు. "పేరు రాస్తారా?" అని అడిగాడట. అవతల ఫోను పెట్టేశారు.

14న మా వాడ కార్డులో ఆయన పేరు మొదటి లైనులో ఉంటుంది. వచ్చి చూడండి.

జై భీమ్. మెస్ సంగతి వచ్చే ఆదివారం.