బొమ్మ గీయాలా, కట్టాలా?

గత సంచికలో ఈ శీర్షిక క్రింద ఇంటి నీటిపంపుల విద్యుత్ వినియోగాన్ని గురించి ముచ్చటించుకున్నాము. ఈ పర్యాయం స్వీకరించిన విషయం కొందరు పెద్దలకు పిల్లల ఆటగా తోచవచ్చు. అయినప్పటికీ, గీతలతోనే ఉద్యోగజీవితం గడిపిన మాకు అది నాలుగు నెలలుగా తీరిక లేకుండా చేసినది. అందులో మేము ఇచ్చిన మొదటి సలహా తప్పని కూడా తేలినది.

మా విభాగంలోని సహోద్యోగి ఒకరి కుమార్తె ఇంజనీరింగ్ పట్టభద్రురాలు. నియామకపత్రం చేతికి వచ్చినా, ఉద్యోగంలో చేరడానికి పది నెలల వ్యవధి దొరికినది. ఆ వ్యవధిలో ఆమె ఒంటరిగా ఒక విజువల్ నావెల్, అనగా దృశ్య నవల, పూర్తి చేయదలచినది. కంప్యూటరు తెరపై ఒక స్థలం యొక్క చిత్రం, దాని ముందు మాట్లాడే పాత్ర చిత్రం, క్రింద సంభాషణ ఉంటాయి. పాఠకుడు మీట నొక్కుతూ చదువుకొని పోతాడు. కొన్ని చోట్ల ఏమి చేయాలో అతడే నిర్ణయించవలసి వస్తుంది, కథ అక్కడ పాయలుగా చీలుతుంది. జపానులో 1980ల నుండి పెరిగిన ప్రక్రియ ఇది. 2004లో టామ్ రోథామెల్ రూపొందించిన రెన్‌పై అనే ఉచిత సాధనం వచ్చిన తరువాత, పెద్దగా ప్రోగ్రామింగ్ తెలియని వారు సైతం ప్రపంచమంతటా వీటిని తయారు చేయగలుగుతున్నారు.

ఆమె ఎన్నుకున్న కథ తన అవ్వ కథ. అవ్వ కాపురానికి వచ్చిన ఊరు 1981లో శ్రీశైలం జలాశయం క్రింద మునిగిపోయిన గ్రామాలలో ఒకటి. ఆ ఇంటి ఛాయాచిత్రం ఒక్కటి కూడా లేదు. అవ్వకు ఇప్పుడు 81 ఏళ్ళు, ఒక కంటి చూపు బాగా మందగించినది. "అవ్వ చూడగలిగిన రోజుల్లోనే పూర్తి చేయాలి అంకుల్. బొమ్మలు చేత్తో గీయమంటారా, బ్లెండర్‌లో కట్టి రెండర్ చేయమంటారా? మీరే తేల్చండి" అని ఆ అమ్మాయి ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి అడిగినది.

రెండర్ చేయడమంటే కంప్యూటరులో ఇంటిని, మనుషులను మూడు కొలతలతో నిర్మించి, వెలుగును అమర్చి, కావలసిన కోణం నుండి ఛాయాచిత్రం తీసినట్లు తీయడం. బ్లెండర్ నెదర్లాండ్స్‌లో పుట్టిన సాఫ్ట్‌వేరు. 2002లో ప్రజల విరాళాలతో అది అందరికీ ఉచితమైనది. 2025లో ఆస్కార్ పొందిన 'ఫ్లో' అనే లాట్వియా యానిమేషన్ చిత్రం దానితోనే తయారైనది. ఆ చిత్ర దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ అంతకు ముందు 2019లో 'అవే' అనే పూర్తి నిడివి చిత్రాన్ని మూడు కొలతల పద్ధతిలో ఒంటిచేత్తో నిర్మించినాడు. కావున ఒంటరి మనిషికి ఈ మార్గం అసాధ్యమేమీ కాదు.

మేము ముందుగా లెక్క వేసినాము. కథలో ఐదు పాత్రలు, ఒక్కొక్కరికి రెండు భంగిమలు, భంగిమకు ఆరు ముఖభావాలు. నేపథ్యాలు 18. ముఖ్య ఘట్టాలకు నిండు చిత్రాలు 14. అమ్మాయి గడియారం దగ్గర పెట్టుకొని ఒక్కొక్క రకం చిత్రం గీసి చూసినది. భంగిమకు ఆరు గంటల చొప్పున 60, ముఖభావానికి అరగంట చొప్పున 30, నేపథ్యానికి ఎనిమిది చొప్పున 144, నిండు చిత్రానికి పన్నెండు చొప్పున 168, వెరసి 402 గంటలు. బొమ్మలకు రోజుకు రెండు గంటలు కేటాయించగలదు కనుక ఆరున్నర నెలలకు పైమాట. రెండరింగ్ పద్ధతిలో అయితే నేర్చుకొనడానికి 100, ఇంటికి, వీధికి 120, ఐదుగురు మనుషులకు 200, ఆపై పెద్ద చిత్రానికి గంట చొప్పున 32, మొత్తం 452 గంటలు.

రెండు అంకెలు దగ్గరగానే ఉన్నవి. మేము రెండవ దానివైపే మొగ్గినాము, అందుకు మా వృత్తి కారణం. 1990ల మధ్యలో మా డ్రాయింగు కార్యాలయానికి కంప్యూటర్లు వచ్చినప్పుడు, బల్లపై రెండు రోజులలో అయ్యే డ్రాయింగు వాటిపై నాలుగు రోజులు పట్టినది. సీనియర్లు నవ్వినారు. ఆ డ్రాయింగుకు సవరణలు మొదలైనప్పుడు నవ్వు ఆగినది. ట్రేసింగు ఫిల్ముపై సిరాగీతను బ్లేడుతో గీకి సరిచేసిన వారికి ఆ బాధ తెలుస్తుంది. కథ వ్రాసేవారు కూడా సవరణలు చేయకుండా ఉండలేరు. గీసిన ఘట్టాన్ని తొలగిస్తే పన్నెండు గంటలు వృథా, కొత్త ఘట్టం చేర్చితే మరొక పన్నెండు. కట్టిన ఇంటిలో కొత్త కోణానికి గంట చాలును. ఈ తర్కంతో "అంతా కట్టు తల్లీ" అన్నాము.

మూడు వారాలలో ఇంటి మూలరూపం లేచినది. దానిని తీసుకొని మేము, అమ్మాయి అవ్వ దగ్గరకు వెళ్ళినాము. తెరపై ఇంటిని చాలాసేపు పరికించి, "ఇది ఎవరిల్లు నాయనా?" అన్నది ఆమె. మాకు ముఖం చెల్లలేదు. ఏమి తేడా అని అడిగితే, "ఇంత వెలుతురు మా ఇంట్లో యాడిది? గవాక్షి ఏదీ?" అన్నది.

కర్నూలు ప్రాంతపు మట్టి మిద్దెలను చూడని పాఠకులకు ఒక మాట. దూలాల మీద దంతెలు పరచి, పైన మట్టి కప్పిన ఆ ఇళ్ళ గోడలకు కిటికీలు తక్కువ. పొగ పోవడానికి, వెలుగు రావడానికి మిద్దెలో ఒక రంధ్రం వదులుతారు, అదే గవాక్షి. అమ్మాయి గోడలకు పెట్టిన కిటికీలను తీసివేసి, మూరెడు గవాక్షిని పెట్టినది. మిద్దె ఎత్తు ఎంత అని మేము అడిగితే, తాత చెయ్యెత్తితే దూలం అందేది కాదని, ముక్కాలిపీట ఎక్కితే అందేదని చెప్పినది అవ్వ. తొమ్మిది అడుగులుగా నిర్ణయించినాము.

ఆ తరువాత జరిగినది మమ్మల్ని నిజంగా ఆనందింపజేసినది. ఊరు ఉన్న చోటును, తేదీని, వేళను ఇస్తే బ్లెండర్ సూర్యుని స్థానాన్ని అమర్చగలదు. ఆ ప్రాంతం దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మే మొదటి వారంలో మధ్యాహ్న సూర్యుడు అక్కడ నడినెత్తిన ఉంటాడు, వెలుగు గవాక్షికి సరిగ్గా క్రిందనే పడుతుంది. డిసెంబరు చివరలో సూర్యుడు నడినెత్తి నుండి 39 డిగ్రీలకు పైగా దక్షిణానికి ఒరుగుతాడు, తొమ్మిది అడుగుల ఎత్తునుండి దిగే వెలుగు ఉత్తరంగా ఏడు అడుగులు దాటి పడుతుంది. "చలికాలంలో మధ్యాహ్నం ఎండ గాదె మీద పడేది, దాన్ని చూసే సంగటికి ఎసరు పెట్టేదాన్ని" అన్నది అవ్వ. గాదె ఎక్కడ ఉన్నదో ఆమెకు అడుగుల లెక్కన తెలియదు, కానీ ఆ ఒక్క మాటతో మేము దాని చోటును పట్టుకోగలిగినాము. రెండవసారి చిత్రం చూపినప్పుడు ఆమె ఎవరిల్లని అడగలేదు. గాదె పక్కన తిరగలి ఏదని మాత్రం అడిగినది.

ఇంతవరకు మా సలహా సరియైనదే అని మురిసినాము. నిర్మించడంలోని మేలు ఇక్కడ బయటపడినది. గీసేవారు తెలియనిదానిని నీడలో దాచివేయగలరు. నిర్మించేవారిని కంప్యూటరు ప్రతిదీ అడుగుతుంది. మెట్లు ఎన్ని? గడప ఎత్తు ఎంత? తలుపు లోపలికి తెరుచుకుంటుందా, వెలుపలికా? ఆ ప్రశ్నలు అవ్వ దగ్గరకు వెళ్ళినవి. వాటికి వచ్చిన జవాబులతో కథలో రెండు కొత్త అధ్యాయాలు చేరినవి. ఇంటివారు ఎవరూ అంతకు ముందు ఆమెను తలుపు సంగతి అడిగి ఉండలేదు.

మనుషుల దగ్గర కథ అడ్డం తిరిగినది. మూడు కొలతల పాత్రలకు సిద్ధంగా దొరికే సామగ్రి అపారం. పిక్సివ్ సంస్థ 2018లో విడుదల చేసిన వీరాయిడ్ స్టూడియోతో జపాను బొమ్మల వంటి పాత్రను ఒక పూటలో తయారు చేయవచ్చు. అయితే ఆ సామగ్రి అంతా బడి యూనిఫారాలు, కోట్లు, గౌన్లు. గోచిపోసి చీర కట్టి, కొంగు నడుముకు దోపి, తిరగలి ముందు ఒక కాలు చాపి కూర్చున్న స్త్రీ అందులో లేదు. చీర కుట్టిన దుస్తు కాదు, గజాల కొద్దీ వస్త్రం దేహానికి చుట్టుకొని నిలిచే అమరిక. ఆమె కూర్చున్నా, వంగినా ప్రతి మడతా మారుతుంది. కంప్యూటరు ఆ వస్త్రాన్ని వేల బిందువుల వలగా లెక్కిస్తుంది. వల తనను తాను చీల్చుకొని పోతే మళ్ళీ మొదటికి వస్తుంది. ఐదు వారాల శ్రమ తరువాత అవ్వ పాత్ర కట్టిన చీర, లారీ మీద కప్పిన టార్పాలిన్ వలె కనిపించినది. అదే చీరను బాపు నాలుగు గీతలలో గాలికి ఆడించేవారు కదా అని మాకు అప్పుడు స్ఫురించినది. ఆ స్ఫురణ ఐదు వారాలు ముందుగా వచ్చి ఉండవలసినది.

మొదటి లెక్కలో మేము చేసిన పొరపాటు అది. మనిషికి 40 గంటలని వ్రాసినప్పుడు, ఏ మనిషి, ఏ దుస్తులలో అని ప్రశ్నించుకోలేదు.

చేతిబొమ్మలలోని లోపాలను పాఠకులు క్షమించరేమోనని అమ్మాయి భయపడినది. ఆమె గీసే చేతివేళ్ళు చక్కగా రావు. ఇందుకు జపానులోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. 'హిగురాషి' అనే దృశ్య నవలను 2002లో ప్రారంభించిన ర్యూకిషి07 అనే కలంపేరు గల రచయిత మొదట ప్రభుత్వోద్యోగి. (మన పాఠకులకు ఈ సంగతి ఉత్సాహం కలిగించవచ్చు!) పాత్రలను తానే గీసినాడు. వేళ్ళు విడివడని ఆ చేతులు నేటికీ హాస్యానికి వస్తువే. నేపథ్యాలు రంగుమార్చిన ఛాయాచిత్రాలు. అయినా ఆ కథ లక్షల మందిని పట్టుకున్నది. 2015లో ఆంగ్ల పునఃప్రచురణ వెలువడినప్పుడు నునుపైన కొత్త బొమ్మలతోపాటు ఆ పాత బొమ్మలను కూడా ఎంచుకునే వీలు కల్పించినారు. 1994 నాటి 'కమైతాచి నో యోరు' మరొక అడుగు ముందుకు పోయినది. ఛాయాచిత్రాల నేపథ్యం ముందు పాత్రలను ముఖాలు లేని నీలినీడలుగా మాత్రమే చూపినది.

రెండర్ చేసిన బొమ్మలోని లోపానికి ఆ మన్నన దొరకదని మా అభిప్రాయం. చేతి వంకర గీసినవారి వ్యక్తిత్వంగా కనిపిస్తుంది, వస్త్రం దేహంలోకి చొచ్చుకొని పోతే తప్పుగానే కనిపిస్తుంది. అంతేకాక చీకటి గదిలో చిన్న రంధ్రం నుండి వచ్చే వెలుగును లెక్కించడం కంప్యూటరుకు కష్టం. చిత్రంలో ఇసుక చల్లినట్లు చుక్కలు మిగులుతాయి. వాటిని సగానికి తగ్గించాలంటే కిరణాల సంఖ్యను నాలుగు రెట్లు చేయాలి. అమ్మాయి లాప్‌టాప్ ఒక్క చిత్రానికి రాత్రంతా తీసుకున్నది.

కృత్రిమ మేధచేత గీయించరాదా అని మా అబ్బాయి అడిగినాడు. 2024 జనవరి నుండి స్టీమ్ విక్రయవేదికలో అటువంటి చిత్రాలు వాడినవారు ఆ సంగతి వెల్లడించవలసి ఉన్నది. అది అటుంచితే, ఆ యంత్రం కూడా ఆ ఇంటికి కిటికీలే పెట్టినది.

చివరకు కుదిరిన ఏర్పాటు ఇది. ఇల్లు బ్లెండర్‌లో బూడిదరంగు దిమ్మెలుగా మాత్రమే ఉంటుంది, దాని నుండి కోణాన్ని, వెలుగు పడే చోటును తీసుకొని, పైన అమ్మాయి చేతితో గీస్తుంది. మనుషులు పూర్తిగా చేతిబొమ్మలే. నేపథ్యానికి ఎనిమిదికి బదులు ఐదు గంటలు, నిండు చిత్రానికి పన్నెండుకు బదులు ఎనిమిది సరిపోతున్నవి. ఇంటి నిర్మాణానికైన 40 గంటలు కలిపినా మొత్తం 332. చేతిపద్ధతి కంటే 70 గంటలు ఆదా. చీర మీద వృథా అయిన ఐదు వారాలను రోజుకు రెండు గంటల చొప్పున లెక్కిస్తే అవి కూడా 70 గంటలే. ఈ సంగతి ఆమె మాకు చెప్పలేదు, మేమే కూడుకున్నాము.

ఇప్పటికి 18 నేపథ్యాలలో 11 పూర్తి అయినవి, ముగ్గురు పాత్రలు సిద్ధమైనారు. ఆగిపోయినది ఒక చిత్రం దగ్గర. అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుంటే ఎదురుగా కనిపించే వీధి, ఆ చివర ఉన్న గుడి. గుడి ముందు వేపచెట్టు ఉన్నదని అవ్వ, రావిచెట్టు అని ఆమె ఆడపడుచు పట్టుబట్టుతున్నారు. మన సంస్థలో పూర్వపు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ముంపు గ్రామాల నుండి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నవి. 1981కి ముందు తీసిన వీధి, గుడి లేదా పెళ్ళి ఛాయాచిత్రాలు ఎవరి వద్దనైనా ఉన్నట్లయితే, ఊరి పేరుతో సహా సంపాదకవర్గానికి తెలియజేయవలసినదిగా కోరుతున్నాము. నకలు తీసుకొని అసలు ప్రతిని భద్రంగా తిరిగి ఇవ్వగలము.