నెల తప్పితే ఆగి చూడమనేవాళ్లకు

ఇంట్లోనే గర్భపరీక్ష చేసుకోమని ఆడపిల్లలకు చెప్పడమంటే చెడిపొమ్మని చెప్పడమేనట. చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట అంటారు. కిట్టు సులువుగా దొరికితే భయం పోతుందట. ఇలా అనేవాళ్ల మనసులో మెదిలేది ఒకే మనిషి: హాస్టల్లో ఉండే పెళ్లికాని అమ్మాయి.

హైదరాబాద్ శివార్లలోని దేవరయాంజాల్ వైపు రండి. రామాలయం భూముల గొడవతో 2021లో పేపర్లకెక్కిన ఊరిది. అప్పుడు అందరూ ఆ భూముల్లో లేచిన గోదాముల లెక్కలు తీశారు. ఆ గోదాముల పనిమీద బతుకుతూ ఒంటిగది కిరాయిళ్లలో కాపురముండే ఆడవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. చంటిది ఇంకా పాలు తాగుతుంటుంది. కాన్పయ్యాక నెలసరే మొదలుకాలేదు. అలాంటి తల్లికి మళ్లీ కడుపొస్తే తెలిసేదెట్లా? తప్పడానికి నెల వస్తే కదా! పాలిచ్చినన్నాళ్లు ఏం కాదంటుంది అత్త. బిడ్డకు ఆరు నెలలు దాటినా, పైపాలు మొదలుపెట్టినా ఆ ధీమా చెల్లదు. 2015లో మన దేశంలో 4.81 కోట్ల గర్భాలొస్తే అందులో సగం దాకా అనుకోనివేనని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక అంచనా ప్రచురించింది. వాటన్నిటికీ హాస్టళ్లే కారణమా?

ఇంకో సలహా ఉంది: తొందరేముంది, వచ్చే నెల చూద్దాం. డాక్టర్లు గర్భం వయసు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు అయిపోయినట్టు. మాత్రలతో గర్భస్రావానికి మన నిబంధనల గడువు తొమ్మిది వారాలు. మిగిలింది ఐదు. అందులో నాలుగు ‘చూద్దాం’ కింద పోతాయి, ఐదోది పచ్చి బొప్పాయికీ నువ్వుల ఉండలకూ పోతుంది. ఆ తర్వాతా దారి మూసుకుపోదు, ఒక డాక్టరు అభిప్రాయంతో 20 వారాల దాకా చట్టం ఒప్పుకుంటుంది. కానీ మాత్రతో అయ్యేది ఆపరేషన్ థియేటర్ దాకా పోతుంది, కూలీ పోతుంది, ఖర్చు పెరుగుతుంది. బిడ్డను ఉంచుకోదలిచినా అంతే. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ పనిచేసేది ఆ తొలి వారాల్లోనే. ఫిట్స్‌కో బీపీకో మందులు వాడుతుంటే డాక్టరు వాటిని మార్చాల్సిందీ అప్పుడే.

కిట్టు చేతికొస్తే డాక్టరు దగ్గరికి పోకుండా మాత్రలు మింగేస్తారన్న వాదనలో కొంత పస ఉంది. ఆ లాన్సెట్ అంచనా ప్రకారమే 2015లో జరిగిన 1.56 కోట్ల గర్భస్రావాల్లో 73 శాతం ఆసుపత్రుల బయట, మాత్రలతో జరిగినవే. అయితే ఆలస్యంగా తెలిసినంత మాత్రాన ఆ మాత్రలు మానేస్తారా? అవే మాత్రలు, ముదిరిన నెలలో మింగుతారు. పైగా గర్భం ట్యూబులో నిలిచినా కిట్టు మీద పడేవి రెండు గీతలే. ఆ మాట కిట్టుతో పాటే చెప్పాలి: గీతలు రెండైతే డాక్టరుకు చూపించుకో, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ గంటలోనే పో. ఒకటే గీత పడి నెల రాకపోతే వారానికి మళ్లీ చూసుకో. ఇది చెప్పడానికి బద్ధకించి కిట్టునే దాచమంటే ఎట్లా?

ఆశా వర్కర్ల చేతికి నిశ్చయ్ అనే గర్భపరీక్ష కిట్లిచ్చింది ప్రభుత్వమే. కానీ అదే వాడలో ఉండే ఆశమ్మను అడిగితే గర్భిణుల జాబితాలో పేరెక్కుతుందని, కబురు అత్తకు చేరుతుందని జంకేవాళ్లున్నారు. గర్భస్రావ చట్టానికి 2021లో తెచ్చిన సవరణ, గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో ‘భర్త’ అన్నచోట ‘భాగస్వామి’ అని రాసింది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికానివాళ్లకూ పెళ్లైనవాళ్లతో సమానంగా గర్భస్రావపు హక్కుందంది. చట్టం ఇంత దూరం వచ్చింది. మెడికల్ షాపు మాత్రం ఇంకా కిట్టును పేపర్లో చుట్టి, అడిగినామెను ఎగాదిగా చూసి ఇస్తోంది.

పేరూ ఊరూ అడక్కుండా ఆరోగ్య ఉపకేంద్రంలో ఓ డబ్బాలో కిట్లు పెట్టి ఉంచండి, కావలసినవాళ్లు తీసుకుపోతారు. నాలుగు గదులకు ఒకే మరుగుదొడ్డి ఉన్నచోట పొద్దున్నే తొలి మూత్రంతో పరీక్ష చేసి ఐదు నిమిషాలు ఆగడమే ఆడమనిషికి పెద్ద పని. కొనుక్కొచ్చే పనైనా మొగుడు చెయ్యొచ్చు. సిగరెట్‌కు పోయే సందు చివరే మెడికల్ షాపూ ఉంటుంది.