కాపలా తీగ కోసం దూలాన్ని బలహీనపరచవద్దు

ఉద్యోగరీత్యా బ్రిటన్ వెళ్లి అక్కడే ఇల్లు కొనుక్కుని స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలు నేడు తక్కువేమీ కాదు. వారు కొనే ఇళ్లలో నూరేళ్లు దాటినవీ ఉంటాయి. విక్టోరియా రాణి పాలించిన 1837–1901 మధ్యకాలంలో ఒకదానినొకటి ఆనుకుని వరుసలుగా కట్టిన ఇటుక ఇళ్లు ఆ దేశపు పట్టణాలలో ఇప్పటికీ వీధుల పొడుగునా నిలిచి ఉన్నాయి. బండల మీద, గచ్చు మీద నడిచి పెరిగిన మనకు ఆ ఇళ్లలో మొదట కొత్తగా తోచేది కాళ్ల కింది చెక్క నేల. దాని అడుగున ఖాళీ ఉంటుంది. దొంగల భయంతో అలారం పెట్టించుకోదలచినవారు తీగలను ఆ ఖాళీలోంచే నడిపిస్తారు. ఆ పనిలో గమనించవలసిన విషయాలను ఈ నెల వివరిస్తున్నాము. మీ బిడ్డలు ఆ దేశంలో ఉన్నట్లయితే ఈ పుటను వారికి చదివి వినిపించండి.

ముందుగా ఆ నేల నిర్మాణాన్ని అర్థం చేసుకోవాలి. ఒక గోడ నుంచి మరొక గోడకు సమాన దూరాలలో దూలాలు పరుస్తారు. వాటికి అడ్డంగా చెక్క పలకలు పేర్చి మేకులు దిగగొడతారు. కింది అంతస్తులో దూలాలు మట్టికి తగలకుండా ఎత్తుగా ఉంటాయి. గోడ అడుగున అమర్చిన చిల్లుల ఇటుకల గుండా గాలి ఆడుతూ తేమను బయటకు పంపుతుంది. పై అంతస్తులోనైతే దూలాల అడుగు భాగాన సన్నని బద్దలు కొట్టి, వాటి మీద సున్నపు పూత పూసి, కింది గదికి కప్పు చేస్తారు. అంటే పైగది నేలను, కిందిగది కప్పును మోసేది ఒకే దూలం.

ఇక అలారం తీగ విషయం. సాధారణంగా ఈ తీగలో 12 వోల్టుల విద్యుత్తు మాత్రమే ప్రవహిస్తుంది. తరచుగా వాడే రకంలో ఆరు సన్నని పోగులుంటాయి. రెండు విద్యుత్తును అందిస్తాయి, రెండు ప్రమాద సంకేతాన్ని చేరవేస్తాయి, మిగిలిన రెండు ఎవరైనా పరికరాన్ని విప్పినా, తీగను కత్తిరించినా ఆ సంగతిని తెలియజేస్తాయి. ఇంతా చేసి ఆ తీగ పెన్సిలు కన్నా సన్నగా ఉంటుంది. ఇంత సన్నని తీగ కోసం దూలాన్ని పెద్దగా కోయవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు.

అయినా కొందరు పనివారు తొందరలో ఉలి తీసుకుని దూలం పైఅంచున గాడి చెక్కి, తీగను అందులో పడుకోబెట్టి, పైన పలక వేసి మేకు కొట్టేస్తారు. ఇందులో రెండు నష్టాలున్నాయి. ఏదో ఒకనాటి మేకు నేరుగా తీగలోకి దిగవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం దూలానికి కలుగుతుంది. బరువు పడినప్పుడు దూలం పైఅంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. ఎత్తులో సరిగ్గా నడిమి గీత మీద ఒత్తిడి అతి తక్కువ. కనుక రంధ్రం చేయవలసింది ఆ నడిమి గీత మీదనే.

బ్రిటన్‌లో నిర్మాణ పనివారు పాటించే కొలతలు ఇవి. దూలం పొడవులో, గోడ నుంచి నాలుగో వంతు దూరం మొదలు పదింట నాలుగు వంతుల దూరం లోపలే రంధ్రం ఉండాలి. దాని వెడల్పు దూలం ఎత్తులో నాలుగో వంతు మించరాదు. ఉదాహరణకు 4 మీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల ఎత్తు గల దూలానికి గోడ నుంచి 1 మీటరు – 1.6 మీటర్ల మధ్య రంధ్రం చేయవచ్చు. గరిష్ఠ వెడల్పు 50 మిల్లీమీటర్లు. అలారం తీగకు 12 మిల్లీమీటర్ల రంధ్రమే సరిపోతుంది.

పాత ఇళ్లలో మరొక చిక్కు ఉంది. తొలుత గ్యాసు దీపాల గొట్టాల కోసం, తరువాత విద్యుత్తు తీగల కోసం, ఆపైన గదులను వెచ్చబరచే నీటి గొట్టాల కోసం ఒక్కొక్క తరం ఆ దూలాలనే కోస్తూ వచ్చింది. వచ్చిన ప్రతివారూ “ఒక్క చిన్న గాటే కదా” అనుకున్నారు. అందువల్ల కొత్త రంధ్రం చేసేముందు పాత గాట్లు ఎన్ని ఉన్నాయో, చెక్క ఎక్కడైనా కుళ్లిందో చూడటం తప్పనిసరి. అసలు దూలాన్ని ముట్టుకోనవసరం లేని దారి ఉందేమో మొదట వెతకాలి. తీగ దూలాల వెంబడి నడిస్తే రంధ్రమే అక్కరలేదు. పలకల మీద మేకుల వరుసలను గమనిస్తే వాటి కింద దూలాలు ఎటు పోతున్నాయో తెలిసిపోతుంది. కింది అంతస్తు అడుగున మనిషి పాకేంత చోటుంటే దూలాల పక్కకే తీగను బిగించుకోవచ్చు. అప్పుడు చిల్లుల ఇటుకలకు అడ్డు రాకుండా చూసుకోవాలి.

పలకలు ఎత్తే ముందు ఇంటి విద్యుత్తును ఆపివేయాలి. కింద గ్యాసు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో పరికరంతో కనుగొనాలి. రంపపు లోతు పలక మందాన్ని దాటరాదు. పలకను దూలం నడిమి మీద కోస్తే రెండు కొసలకూ ఆధారం దొరుకుతుంది. తిరిగి బిగించేటప్పుడు మేకులకు బదులు స్క్రూలు వాడటం మేలు. సుత్తి దెబ్బలకు కింది గది సున్నపు కప్పు పెచ్చులుగా రాలిపడవచ్చు. అలారం తీగను 230 వోల్టుల తీగలతో కలిపి ఒకే గొట్టంలో నడపరాదు. నేల కింద చలి ఆపేందుకు తెల్లని థర్మాకోల్ పలకలు పెట్టి ఉంటే వాటికీ తీగను తాకనీయరాదు. ఆ స్పర్శకు తీగ పైపొర కాలక్రమేణా పెళుసుబారుతుంది. అలారం పెట్టెకు ప్రధాన విద్యుత్తును అందించే పని మాత్రం అర్హతగల ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

అద్దె ఇల్లయితే యజమాని అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వం చారిత్రక కట్టడంగా నమోదు చేసిన ఇల్లయితే, దాని స్వరూపానికి భంగం కలిగించే మార్పులకు స్థానిక అధికారుల సమ్మతి కావాలి. అది లేకుండా చేయడం అక్కడ నేరం. దూలాలు ఇప్పటికే బలహీనపడి ఉన్నట్లయితే తీగలు లేని అలారాన్ని ఎంచుకోవడమే వివేకం. దానికి అప్పుడప్పుడు బ్యాటరీలు మార్చవలసి వస్తుంది, కానీ ఇంటికి హాని ఉండదు.

ఈ పనిలో మంచి పనికీ చెడ్డ పనికీ తేడా పైకి కనిపించదు. పలకలు మూశాక రెండూ ఒకేలా ఉంటాయి. అలారం కూడా రెండు ఇళ్లలోనూ మోగుతుంది. అందుచేత ఇంటివారికి మా మనవి ఒక్కటే: పలకలు మూయక ముందే వంగి స్వయంగా చూడండి. రంధ్రాలు ఎక్కడ పడ్డాయో కొలవండి, ఫొటోలు తీయండి, తీగ నడిచిన దారిని కాగితం మీద గీసి ఇంటి పత్రాలతోపాటు భద్రపరచండి. మీ తరువాత ఆ నేలను ఎత్తబోయేవారికి అది మీరు అప్పగించే అమానతు.