కుళాయి వెనక సంగతులు

కందిపప్పు ఎంతసేపు పొయ్యిమీద వున్నా పలుకుపలుకుగానే వుంటోందని విసుక్కుంటున్నారా? కొట్టువాడు పాతపప్పు అంటగట్టాడని తిట్టుకునే ముందు, ఎసట్లో పోసిన నీళ్ళు ఏవో చూసుకోండి. బోరు నీళ్ళయితే పప్పుది తప్పులేదు. ఆ నీళ్ళల్లో వుండే సున్నపు లవణాలు పప్పును మెత్తబడనివ్వవు. సబ్బు నురగ రాకపోవటం, టీ మీద తెట్టు కట్టటం, కుక్కరు అడుగున తెల్లటి పొర పేరుకోవటం అన్నీ వాటి చలవే. అదే పప్పు సాగరు కాలవ నీళ్ళు పోసి వండితే వెన్నలా ఉడుకుతుంది. వినుకొండ, నరసరావుపేట వైపు ఆడవాళ్ళకు ఈ తేడా ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మంచినీళ్ళ బిందె వేరు, వాడుకనీళ్ళ బిందె వేరు అన్న పద్ధతి ఇక్కడ ఊరికే రాలేదు.

ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది, పప్పుకూ తెలుస్తుంది. ఎవరికీ తెలియకుండా లోపలికి పోయేది ఫ్లోరైడు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పిల్లల పళ్ళమీద గారమచ్చలు వచ్చేదాకా, పెద్దవాళ్ళ నడుములు, మోకాళ్ళు బిగుసుకుపోయేదాకా బయటపడదు. మనదేశంలో ఈ జబ్బును మొట్టమొదట వైద్యులు గుర్తించి 1937లో రాసింది ఎక్కడి గురించో తెలుసా? మన పొరుగునే వున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల గురించి. అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలో వుండేవి. వినుకొండ చుట్టుపక్కల పల్లెల బోర్లకూ ఈ బెడద వుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు అని మన ప్రమాణాలు చెబుతున్నాయి. "మేం కాచి తాగుతామండీ" అంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడాను.

అందుకే ఈ మెట్ట ఊళ్ళకు కాలవ నీరు వరం అయింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవకు జవహర్ కాలవ అని పేరు. అది 203 కిలోమీటర్ల పొడవున పల్నాడు దాటి ప్రకాశం జిల్లాలోకి సాగుతుంది. మిరపకూ పత్తికీ అని మగవాళ్ళు లెక్కలు వేసుకుంటారు గానీ, బిందెకు ఎంత అన్న లెక్క వేసుకున్నది మాత్రం మనమే.

అయితే కాలవ మన చెప్పుచేతల్లో వుండేది కాదు. పంటలు అయిపోయాక కట్టేస్తారు. పైన వానలు లేకపోతే అసలే రాదు. 2023 నవంబరు 30 తెల్లవారుజామున ఏం జరిగిందో గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ అధికారులు పోలీసుల్ని వెంటబెట్టుకుని డ్యామ్ మీదికి వెళ్ళి కుడికాలవకు నీళ్ళు వదిలారు. తాగునీటి కోసమే అన్నారు. తెలంగాణ ఊరుకోలేదు. కేంద్రం కల్పించుకుని డ్యామ్ దగ్గర కేంద్ర బలగాలను పెట్టాల్సి వచ్చింది. మీ పెరట్లో కుళాయి తిప్పగానే వచ్చే నీటి వెనక రెండు రాష్ట్రాల తగువు కూడా వుందన్నమాట.

కాలవ కట్టేసిన రోజుల్లో ఊరికి ఆధారం చెరువు. కాలవ పారుతుండగానే దాన్ని నింపిపెట్టుకోవాలి. ఎంత పెద్ద చెరువు కావాలో మనమే లెక్క కడదాం, ఇంటి పద్దుకంటే కష్టమేమీ కాదు. 2011 జనాభా లెక్కల నాటికి వినుకొండలో దాదాపు అరవై వేలమంది. మురుగుపారుదల వ్యవస్థ వున్న ఊళ్ళో మనిషికి రోజుకు 135 లీటర్లు, అది లేని ఊళ్ళో 70 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే మొదటిది తొమ్మిది బిందెలు, రెండోది అయిదు బిందెలకు కాస్త తక్కువ. తొమ్మిది బిందెల లెక్కన అరవై వేలమందికి రోజుకు 81 లక్షల లీటర్లు. రెండు నెలలు కాలవ రాకపోతే దాదాపు 49 కోట్ల లీటర్లు. రోహిణీకార్తె ఎండకు ఆవిరయ్యేది ఇందులో కలపలేదు. 2011 తర్వాత పెరిగిన కాలనీలనూ కలపలేదు. చెరువు నాలుగు మీటర్ల లోతు తవ్వారనుకోండి, కొన్నేళ్ళకు ఒండ్రు పేరుకుని మూడు మీటర్లకు వస్తే నాలుగో వంతు నీళ్ళు పోయినట్లే. పూడిక తీయటం అనేది కాగితాల మీద చిన్న పద్దు. బిందె దగ్గరకు వచ్చేసరికి అది చాలా పెద్ద సంగతి.

ఇక పైపుల మాట. వంద బిందెలు పంపితే దారిలో పదిహేనుకు మించి పోకూడదని ప్రమాణం చెబుతోంది. పాతబడిన సిమెంటు గొట్టాలు, లారీ బరువుకు చిట్లిన ప్లాస్టిక్ గొట్టాలు, కాలవగట్ల వెంట తుప్పుపట్టిన ఇంటి కనెక్షన్లు వున్న చోట ఈ లెక్క నిలబడుతుందా? చుక్కచుక్కగా కారే ఒక్క కుళాయి రోజుకు ఇరవై లీటర్లు తాగేస్తుంది. భూమిలో కారేది ఎవరు చూడొచ్చారు? నా మటుకు నాకు కొత్త ట్యాంకు కట్టటం కన్నా పాతగొట్టం మార్చటమే ముందు జరగాలనిపిస్తుంది. కానీ కొత్త ట్యాంకుకు శిలాఫలకం వుంటుంది, రిబ్బను కత్తిరింపు వుంటుంది. భూమిలో మార్చిన గొట్టానికి పేరు చెక్కే చోటేదీ? అందుకనే కాబోలు మరమ్మతు ఎప్పుడూ వెనకబడుతుంది.

నీరు పోవటం ఒక నష్టమే. అంతకంటే భయపడాల్సింది నీరు లోపలికి రావటం. రోజు విడిచి రోజు నీళ్ళు వదిలే ఊళ్ళో, వాల్వు కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. చిల్లు పక్కనే మురుగుకాలవ వుంటే ఆ మురుగు మెల్లగా గొట్టంలోకి దిగుతుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ముందుగా మీ బిందెలో పడేది అదే. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో, ఆనందపేట పరిసరాల్లో, మంచినీటిలో మురుగు కలిసి వందలమంది అతిసారంతో ఆస్పత్రి పాలయ్యారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 జూలైలో మన పల్నాడు జిల్లాలోనే పిడుగురాళ్ళలో అతిసారం ప్రబలింది. 

ఇక్కడ మన వంటింటి సంగతి ఒకటి చెబితే కోపం తెచ్చుకోకండి. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతుంటారే, అది గొట్టంలో గాలి పీల్చినట్లు పీలుస్తుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి మురుగును కూడా లాక్కొస్తుంది. వీధి చివర, ఎత్తుమీద వున్న ఇళ్ళకు చుక్క మిగలదు. అక్కడి వదినగారు నీళ్ళ కోసం తెల్లవారుజామున లేచి కూర్చోవటం వెనక మన మోటారు చప్పుడు వుంది. "అందరూ పెట్టారు, మేం పెట్టకపోతే మాకు రావు" అనే మాటా నిజమే. ప్రతి ఇంటికీ సరైన ఒత్తిడితో నీరు వచ్చేదాకా ఈ పోటీ ఆగదు. అందుకే ఇది కేవలం మన బుద్ధుల లోపం అని నేననను, గొట్టాల లోపం కూడా.

డబ్బు మాట చూస్తే, లక్షలోపు జనాభా వున్న రాష్ట్రపు చిన్న పట్టణాల మంచినీటి కోసం ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు 2018 డిసెంబరులో 40 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 2021 అక్టోబరు 1న కేంద్రం అమృత్ 2.0 మొదలుపెట్టింది. పట్టణాల్లో ఇంటింటికీ కుళాయి అన్నది దాని మాట. అందులోనే పొదుపు సంఘాల ఆడవాళ్ళకు నీటి పరీక్షల వంటి పనులు అప్పగించే ఏర్పాటూ వుంది. మీ సంఘం మీటింగులో ఈ విషయం అడిగి చూడండి. మీ వార్డులో ఏ వీధికి కొత్తగొట్టం వేస్తున్నారో, పాతగొట్టాన్ని విడగొట్టి మూతవేస్తారో లేదో, చెరువు పూడిక ఆఖరుసారి ఎప్పుడు తీశారో అడగండి. ట్యాంకు కడిగిన తేదీ ట్యాంకు మీదే రాసివుండాలి. పోతూ పోతూ తలెత్తి చూస్తే చాలు. కుళాయి నీటిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి వుండాలి. నీళ్ళమనిషి దగ్గర వుండే పరీక్షమందు రెండు చుక్కలు వేస్తే నీరు పసుపురంగుకు తిరుగుతుంది. మీ వీధి చివరి ఇంట్లో ఆ పరీక్ష చెయ్యమనండి, ట్యాంకు పక్కింట్లో కాదు.

గొట్టాలు మారుస్తున్న వారాల్లో మరింత జాగ్రత్త కావాలి. తవ్వినచోట మట్టి, మురుగు తప్పకుండా లోపలికి పోతాయి. నీళ్ళు వదిలాక మొదటి రెండు బిందెలు మొక్కలకో, వాకిట్లో కళ్ళాపికో వాడండి. తరవాత పట్టిన నీళ్ళు మసకగా వుంటే పటికముక్క నాలుగు చుట్లు తిప్పి, లేదా అమ్మమ్మలు చేసినట్లు చిల్లగింజ అరగదీసి కలిపి, తేరాక పైనీళ్ళు వంచుకోండి. తేరిన నీరు శుభ్రమైన నీరని అనుకోవద్దు. అది కళ్ళకు మాత్రమే శుభ్రం. కళపెళ మరిగించి చల్లార్చి, మూతపెట్టిన పాత్రలో వుంచి, కాడ వున్న గరిటెతో ముంచుకోవాలి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాలు, తలకొట్టి కొలిచి) కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. అదే వీధిలో రెండో ఇంట్లోనూ విరేచనాలని తెలిస్తే ఆ పూటే మునిసిపాలిటీకీ, ఏఎన్ఎమ్‌కీ కబురు పెట్టండి.

అన్నట్టు, ఈలోగా బోరు నీళ్ళతోనే పప్పు వండక తప్పకపోతే, రాత్రే నానబెట్టుకుని, చింతపండు రసం మాత్రం పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే పొయ్యండి. పులుపు ముందుగా తగిలితే ఎన్ని విజిల్స్ వచ్చినా అది ఉడకదు.