దారి లేని చోటికి... చీటీ రాసి వెళ్లండి!

2003 ఏప్రిల్ 26, శనివారం. అమెరికాలోని యూటా రాష్ట్రం. బ్లూజాన్ అనే ఇరుకు లోయలోకి ఒంటరిగా దిగాడు 27 ఏళ్ల ఆరన్ రాల్‌స్టన్. కొండలూ లోయలూ అతనికి కొత్తేమీ కాదు. కానీ ఆరోజు, దిగుతుండగా ఓ బండరాయి కదిలింది. కుడిచేతిని లోయగోడకేసి నొక్కిపట్టేసింది. దాని బరువు సుమారు 360 కిలోలు!

అరిచినా వినేవాళ్లు లేరు. ఉన్న కాసిని నీళ్లూ అయిపోయాయి. అయిదు రోజులు గడిచాక తన చేతి ఎముకలు తానే విరుచుకుని, చిన్న కత్తితో కోసుకుని బయటపడ్డాడు. ఆ కథనే 2010లో '127 అవర్స్' పేరుతో సినిమాగా తీస్తే, ఎ.ఆర్.రెహమాన్ సంగీతం అందించాడు. చూసినవాళ్లంతా ఆరన్ గుండెనిబ్బరాన్ని మెచ్చుకున్నారు. కొండల్లో తిరిగేవాళ్లు మాత్రం ఇంకో విషయం గుర్తుపెట్టుకున్నారు. అతను ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు!

ఒక్కరోజు నడకకే అంత ముప్పు వచ్చిపడితే, అలాంటి చోట నెలల తరబడి నడిచేవాళ్ల సంగతేంటి?

బోర్డులుండవు... మైలురాళ్లుండవు

యూటా, ఆరిజోనా రాష్ట్రాల మధ్య ఎర్రరాతి పీఠభూమి మీదుగా సాగే ఓ నడకదారి ఉంది. పేరు హేడ్యూక్ ట్రయిల్. ఎడ్వర్డ్ ఆబీ 1975లో రాసిన ఓ నవలలోని పాత్ర పేరది. జో మిచెల్, మైక్ కరొనెల్లా అనే ఇద్దరు మిత్రులు ఏళ్ల తరబడి తిరిగి ఈ దారిని కూర్చారు. 2005లో పుస్తకంగా తెచ్చారు. ఆర్చెస్ నేషనల్ పార్కు దగ్గర మొదలై, గ్రాండ్ కాన్యన్‌తో సహా ఆరు నేషనల్ పార్కులను కలుపుతూ జయన్ దగ్గర ముగుస్తుంది. పొడవు దాదాపు 1,300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి పక్షిలా ఎగిరివెళ్తే ఎంత దూరమో సుమారుగా అంత!

దారి అన్నది పేరుకే. కొంతదూరం మట్టిరోడ్లు, కాలిబాటలు ఉంటాయి. చాలాచోట్ల అవీ ఉండవు. ఎండిన వాగుల ఇసుకలోనో, నున్నటి బండల మీదుగానో పోవాలి. మధ్యలో హెన్రీ పర్వతాలు. అమెరికా ప్రధాన భూభాగంలో చిట్టచివరగా పటానికెక్కిన కొండలివే. 1872లో గానీ వాటిని సర్వే చేయలేదు. అందుకే ఇక్కడ నడక మొదలయ్యేది ఎడారిలో కాదు... ఇంట్లో, పటం పరిచిన బల్ల ముందు!

ముందు నీళ్లు... తర్వాతే దారి

మామూలుగా అయితే దారి చూసుకుని, మధ్యలో నీళ్లెక్కడ దొరుకుతాయా అని చూస్తాం. ఎడారిలో ఇది తిరగబడుతుంది. ముందు పటం మీద నీళ్లున్న చోట్లన్నీ గుర్తుపెట్టుకోవాలి. ఆ చుక్కలను కలిపితే వచ్చేదే దారి.

ఎడారిలో నడిచే మనిషికి రోజుకి కనీసం నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. లీటరంటే కిలో బరువు. రెండు రోజులు నీటిచుక్క దొరకని చోటైతే ఎనిమిది కిలోలు నీళ్లే మోయాలి. తిండీ, గుడారం, పరుపూ అదనం. ఉపగ్రహ చిత్రాల్లో ఎర్రటి రాళ్ల మధ్య పచ్చటి చెట్ల గుంపు కనిపిస్తే ఊట ఉండొచ్చని ఆశ. వాన వెలిశాక బండల మీది గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. పశువుల కోసం కట్టిన తొట్లూ ఉంటాయి. అయితే ఉన్న నీళ్లన్నీ తాగేవి కావు. కొన్ని ఊటలు ఉప్పగా ఉంటాయి. కొన్నిచోట్ల పాత యురేనియం గనుల వల్ల కలుషితమయ్యాయి. నదినీళ్లు బురదమయం. గోదావరి వరదనీటిని మనవాళ్లు పటిక తిప్పి తేర్చినట్టే అక్కడివాళ్లూ తేర్చుకుంటారు.

అనుభవజ్ఞులు పాటించే లెక్క ఒకటే. ఏడాది పొడవునా ఉంటాయని తెలిసిన నీళ్లనే నమ్మాలి. 'ఉండొచ్చు' అనుకున్నదాన్ని లేనట్టే లెక్కేసుకోవాలి. తిండి సంగతి కాస్త నయం. ఎస్కలాంటే లాంటి చిన్న ఊళ్ల పోస్టాఫీసులకు ముందే పార్సిళ్లు పంపించుకోవచ్చు.

గీతల మధ్య దాగిన కొండచరియ

ఇక పటం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ పటాల్లో ఎత్తుపల్లాలను గీతలతో చూపిస్తారు. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరందూరంగా ఉంటే చదును. చాలా పటాల్లో ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఎత్తు తేడా 40 అడుగులు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 30 అడుగుల కొండచరియ ఆ రెండు గీతల మధ్యే ఇమిడిపోతుంది. పటంలో కనిపించదు. మూడంతస్తుల మేడంత ఎత్తునుంచి కిందికి చూశాక గానీ అసలు సంగతి తెలియదు!

అందుకే పటాన్ని, ఉపగ్రహ చిత్రాన్ని, అంతకుముందు నడిచినవాళ్ల రాతల్ని పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. దిగలేకపోతే ఏ పక్కనుంచి చుట్టి రావాలో ముందే గీసుకుంటారు. అప్పటికి నీళ్లెన్ని మిగులుతాయో కూడా!

దూరాన్ని కొలిచేదీ కిలోమీటర్లతో కాదు, గంటలతో. స్కాట్లండ్‌కు చెందిన విలియం నైస్మిత్ 1892లోనే ఓ సూత్రం చెప్పాడు. ప్రతి అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది బాట ఉన్నచోట. ఇసుకలో, రాళ్లగుట్టల మీద దానికి రెట్టింపు వేసుకున్నా ఒక్కోసారి చాలదు. రోజుకి పాతిక కిలోమీటర్లు నడిచేవాళ్లు అక్కడ పది నడిస్తే గొప్ప. ఈ లెక్క తప్పితే నీళ్ల లెక్కా తప్పుతుంది.

మబ్బు లేకుండానే వరద

రుతువూ చూసుకోవాలి. వసంతం, శరత్కాలమే ఈ నడకకు అనువైనవి. ఎండాకాలం వేడి ఒక ఎత్తయితే, జులై నుంచి సెప్టెంబరు దాకా కురిసే ఉరుముల వాన ఇంకో ఎత్తు. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని యాంటిలోప్ కాన్యన్‌లో ఉన్నట్టుండి వరద వచ్చి 11 మంది ప్రాణాలు పోయాయి. వాన పడింది అక్కడ కాదు, ఎగువన ఎన్నో కిలోమీటర్ల అవతల! రెండు చేతులు చాపితే గోడలు తగిలేంత ఇరుకు లోయల్లో పరిగెత్తడానికి చోటుండదు. కాబట్టి ఏ లోయలో దిగినా, పైకి ఎక్కగలిగే చోట్లు ముందే గుర్తుపెట్టుకోవాలి. వాన సూచన ఉంటే అసలు దిగకూడదు.

ఇంట్లో ఉంచాల్సిన కాగితం

ఇంత ప్లానూ వేసి, కాగితాల్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోతే సగం పనే అయినట్టు. ఇంకో ప్రతి ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాలి. ఎందరు వెళ్తున్నారు, కారు నంబరేంటి, ఎక్కడ ఆపుతున్నారు, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారు, గుడారం రంగేంటి, ఏ మందులు వాడుతున్నారు, దారి మధ్యలో మానుకోవాల్సివస్తే ఎటువైపు బయటికి వస్తారు... అన్నీ అందులో రాయాలి. చివర్లో ముఖ్యమైన మాట. ఫలానా రోజు ఫలానా గంటలోపు కబురు రాకపోతే, ఫలానా నంబరుకి ఫోన్ చేయమని. ఆ తర్వాత, చీటీలో లేని లోయలోకి అడుగుపెట్టకూడదు. ఎంత అందంగా కనిపించినా సరే!

ఇప్పుడు ఉపగ్రహాల ద్వారా సాయం కోరే పరికరాలున్నాయిగా అనొచ్చు. ఉన్నాయి. ఆరన్ బయటపడిన రెండు నెలలకు, 2003 జులై నుంచి, అలాంటి వాటిని సామాన్యులు వాడుకోవడానికి అమెరికా అంతటా అనుమతి వచ్చింది కూడా. కానీ అవి పనిచేయాలంటే ఆకాశం కనిపించాలి. ఇరుకు లోయ అడుగున కనిపించేది సన్నటి చీలికే. పైగా మీట నొక్కడానికి చేతులు కదలాలి, మనిషి స్పృహలో ఉండాలి. చీటీకి ఆ అవసరం లేదు. మనిషి రాలేదంటే చాలు, అది తన పని మొదలుపెడుతుంది.

ఆరన్ పనికి రాకపోయేసరికి తోటివాళ్లు కంగారుపడ్డారు. తల్లి అధికారులను కదిలించింది. కానీ ఎక్కడని వెతకాలి? అతని బండి కనిపించేదాకా ఆ వెతుకులాటకు దిక్కు దొరకలేదు. చివరికి రక్తమోడుతూ నడిచి వస్తున్న అతన్ని హెలికాప్టర్ ఎక్కించారు. ఆ తర్వాతా అతను కొండలెక్కడం మానలేదు. అయితే ఎక్కడికెళ్లినా ముందుగా చీటీ రాసి పెడతాడని సినిమా చివర్లో తెరమీద చెబుతారు.

ఊరెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి 'చేరగానే ఫోన్ చెయ్యి నాన్నా' అంటుంది మనింట్లో అమ్మ. చాలామంది ఆ మాటకు తలూపి మర్చిపోతారు. 1,300 కిలోమీటర్ల ఎడారి నడకకు వేసే ప్లాన్‌లో చిట్టచివరి వాక్యం కూడా... అదే!