బంతి నారుకు బజారు చూడొద్దు

దసరాకు రెండు రోజుల ముందు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు బంతి మూటలు దించిన రైతుకు ఒక సంగతి తెలుసు. అందరి పువ్వూ ఒక్కసారే దిగుతుంది. తెల్లవారుజామున పలికిన ధర పొద్దెక్కేసరికి ఉండదు. పండుగ దాటిన మర్నాడు అడిగే నాథుడే ఉండడు. దళారులను తిట్టుకుంటాం, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ చిక్కు విత్తనం దగ్గరే మొదలవుతోందని నా అభిప్రాయం.

ఎట్లా అంటారా? పది గుంటల రైతు హైబ్రిడ్ నారు ట్రేలలో కొని తెస్తాడు. మొక్కకు ఇంతని పోసి, ఆటో కిరాయి భరించాక మూడు విడతలుగా నాటే ఓపిక ఎవరికుంటుంది? ఉన్నదంతా ఒకే రోజు నాటేస్తాడు. వానకు కుళ్లిందా, మళ్లీ కొనాల్సిందే. అదే గింజ ఇంట్లో ఉంటే పది రోజుల తేడాతో మూడు మడులు పోసుకోవచ్చు. ఒకటి పోయినా రెండు మిగులుతాయి.

హైబ్రిడ్ చెడ్డదని అనడం లేదు. పువ్వు గట్టిగా, ఒకే సైజులో ఉంటుంది. ఎకరాల్లో వేసి దూరం పంపేవారికి అదే మేలు. కానీ దాని గింజ పట్టి మళ్లీ పోస్తే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, కొన్నిటికి ఒంటి రేకలు. అందుకని ఇంటి విత్తనానికి నాటు బంతి గానీ, పూసా నారంగి లాంటి సూటి రకం గానీ ఎంచుకోవాలి.

ఇక గింజ పట్టడంలో మనవాళ్లు చేసే తప్పు చూడండి. మంచి పూలన్నీ మార్కెట్‌కు, ఆఖర్న మిగిలిన పిందె పువ్వు విత్తనానికి! ఏటా ఇదే చేస్తే పువ్వు చిన్నబోక ఏమవుతుంది? మొదటి కోతలప్పుడే నలభై యాభై మేలైన మొక్కలకు గుడ్డపీలిక కట్టండి. ఒంటి రేక మొక్క కనిపించగానే పీకేయండి, లేకుంటే తేనెటీగలు దాని పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి. పువ్వు చెట్టు మీదే ఎండి, తొడిమ గోధుమ రంగుకు వచ్చాక కోసి నీడలో ఆరబెట్టాలి. నల్లగా గట్టిగా ఉన్నదే గింజ. దాని తోక ఎలాగూ తెల్లగానే ఉంటుంది, అది చూసి తాలు అనుకోకండి. మరుసటి ఏడే వాడుకోవాలి, పాతబడితే మొలక తగ్గుతుంది. పోసే ముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి, వారానికి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి.

నాటు రకానికి ఎకరాకు 600 నుంచి 800 గ్రాముల విత్తనం చాలు. నారుమడి జానెడు ఎత్తు లేకపోతే వానాకాలం నీరు నిలిచి నారుకుళ్లు వస్తుంది. వస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. మొలక కనిపించిన రోజే పైన కప్పిన గడ్డి తీసేయాలి.

తేదీల సంగతి. 25-30 రోజుల నారు నాటితే సుమారు 60 రోజులకు పూత మొదలు. అంటే పండుగకు నూరు రోజుల ముందు తొలి మడి. దసరా 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. పోయినేడు పోసిన తేదీకే ఈ ఏడూ పోస్తే పండుగ తప్పిపోవచ్చు, పంచాంగం చూసి వెనక్కి లెక్కేసుకోండి. రెండో మడి, మూడో మడి దీపావళికి, కార్తీక మాసానికి అందుతాయి.

నారు మిగిలితే పారేయొద్దు. టమాటా వేసేవారు పదహారు సాళ్లకు ఒక సాలు బంతి పెడితే కాయతొలుచు పురుగు పూల మీదికి మళ్లుతుంది. అయితే బంతి నారు టమాటా నారు కంటే రెండు మూడు వారాలు ముదురుగా ఉండాలి.

అన్నట్టు, గుడ్డపీలిక కట్టిన మొక్కల గురించి ఇంట్లో ముందే చెప్పిపెట్టండి. బతుకమ్మకు పూలు కోయవచ్చే పిల్లల కళ్లు ముందు పడేది ఆ పెద్ద పూల మీదే.